పెన్సిల్ గుర్తు తుడిచే మనిషి

పన్ను సలుపు భరించలేక పోయిన వారం ఇక్కడ ఖతర్‌లో, మా అల్ వక్రాలోనే ఒక పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ముందు చాలామంది ఉన్నారు, కూర్చోండి అన్నారు. దవడ పట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా గోడకి ఒక బొమ్మ వేలాడుతోంది. మొదట పట్టించుకోలేదు, క్లినిక్కుల్లో గోడలకి ఏదో ఒకటి ఉంటుంది కదా. రెండోసారి చూసేసరికి పన్ను సంగతి మరిచిపోయాను.

నల్ల సిరాతో అచ్చు తీసిన బొమ్మ అది. ఒక పల్లెటూరి ఇంటి ముందు భాగం. మామిడాకులు కట్టిన ద్వారబంధం, దానికి ఓరగా తెరిచి ఉన్న చెక్క తలుపు. తలుపు చెక్కల మీద అక్కడక్కడ పిట్టకాలి అడుగుల్లాంటి చిన్న గుర్తులు. తెలియనివాళ్ళు చూస్తే ఏదో అలంకారం అనుకుంటారు. ఇలాంటి బొమ్మలు ముప్ఫై మాత్రమే ఉన్నాయి. ముప్ఫై తీశాక అచ్చు పలక మీద అడ్డంగా గీతలు గీకి పాడుచేశారు, ఇంక ముప్ఫై ఒకటోది పుట్టే ప్రసక్తి లేదు.

అంతవరకూ బాగానే ఉంది. ఫ్రేము కట్టినవాడెవడో గాని, చుట్టూ పెట్టే మౌంటు అట్టని పైకి జరిపేసి, బొమ్మ అడుగున పెన్సిల్‌తో రాసిన వరస మొత్తం కప్పేశాడు. ఎడమ పక్క ఎన్నోదో చెప్పే అంకె ఉంటుంది, కుడి పక్క వేసినావిడ సంతకం ఉంటుంది, మధ్యలో ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ కూడా కనబడాలి. అది మరిచిపోయి వదిలేసింది కాదు. నాకు ఒళ్ళు మండింది. లేచి వెళ్ళి కౌంటర్లో అమ్మాయికి చెబుదామనుకున్నాను. చెప్పి ఏం లాభం, ఆ అమ్మాయి నా పన్ను గురించే సరిగ్గా వినలేదు.

నేను ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో ఒక ఫ్రేముల షాపులో కౌంటరు చూస్తాను. మా ఆయనకి మెసయీద్ ఎరువుల ఫ్యాక్టరీలో డ్యూటీ, నాకు దోహాలో. ఇద్దరికీ మధ్యలో ఉంటుందని అల్ వక్రాలో ఇల్లు తీసుకున్నాం, ఇద్దరికీ దూరమే అయింది. పెళ్ళి ఫోటోలు, గుర్రాల బొమ్మలు, పిల్లల సర్టిఫికెట్లు, బంగారు అక్షరాల రాతలు, ఎవరు ఏది తెచ్చినా కొలిచి, అంచు పట్టీ ఎంపిక చేయించి వెనక గదిలోకి పంపిస్తాను. ఆ వెనక గదిలో ఫ్రేములు కట్టేవాడు ఆయన, ఆ బొమ్మలో ఇల్లు గలాయన.

ఆయన పేరు రాయను. ఎక్కడా తన పేరు పెట్టడం ఆయనకి గిట్టేది కాదు, ఎందుకో మీకే తెలుస్తుంది. షాపులో అందరం అన్నా అనేవాళ్ళం. నేను మా గుంటూరు అలవాటు కొద్దీ మీరు, మీరు అంటుంటే, "మీరు గీరు ఎందుకు చెల్లె, నేనేమన్న తాసిల్దార్‌నా" అని నవ్వేవాడు. నిర్మల్ దగ్గర ఊరు ఆయనది. వచ్చింది షట్టరింగ్ కార్పెంటరుగా. ఇక్కడ స్టేడియాలూ మెట్రో కడుతున్న రోజుల్లో కాంక్రీటు పోయడానికి చెక్క పెట్టెలు కట్టాడు.

"చెక్క తోని పెట్టె గట్టాలె. సిమెంటు పొయ్యాలె. ఎండినంక నేను గట్టింది పీకి పారెయ్యాలె. గన్నేండ్లు జేసిన చెల్లె, నా చేతి పని ఒక్కటి నిలబడలే" అనేవాడు. అందుకే ఆ పని వదిలి తక్కువ జీతానికి మా షాపుకి వచ్చాడు. ఫ్రేములు కనీసం ఎవరి గోడ మీదో నిలబడతాయి. అలాగని ఫ్రేము మీద ఆయనకి గొప్ప గౌరవమూ లేదు. నాలుగు పట్టీలు బిగించి ఎత్తి చూపించి, "చిన్న దర్వాజ. లోపలికి పోరాదు, బయటికి రారాదు, ఏం జేసుకుంటరో" అనేవాడు. దర్వాజ అంటే వాళ్ళ వైపు ద్వారబంధం.

చెవి వెనకాల పెన్సిల్ ఉండేది. దాన్ని బ్లేడుతో కాదు, ఉలితో చెక్కేవాడు, మొన బల్లపరుపుగా. చొక్కా గుండీకి ఒక దారం కట్టి, ఆ దారానికి ఒక రబ్బరు ముక్క వేలాడదీసేవాడు. గీయడం ఎంతసేపో తుడవడం అంతసేపు. అంచు పట్టీ మీద కోత గుర్తు పెట్టినా, కోసి, బిగించి, చివర్న ఆ గుర్తు మాయమయ్యేదాకా రుద్దితే గాని ముందు గదిలోకి పంపేవాడు కాదు. ఫ్రేము వెనకవైపు ఎవరు చూస్తారన్నా అని నేను విసుక్కుంటే, "గోడ జూస్తది గద" అనేవాడు.

ఇంకో అలవాటు తలుపులు. ఎక్కడికి తీసుకెళ్ళినా తలుపు దగ్గర ఆగిపోయేవాడు. ఒకసారి ఆయనకి కళ్ళజోడు కొనిపించడానికి మా ఆయన మాల్‌కి తీసుకెళ్తే, ఒక దుకాణం తలుపుని తెరిచి మూసి, తెరిచి మూసి, చివరికి సెక్యూరిటీవాడు వచ్చాడట. కీలు చప్పుడు చేస్తే "ఏడుస్తున్నది" అనేవాడు. చెక్క ఉబ్బి పట్టేస్తే "అలిగింది" అనేవాడు. అద్దాల తలుపులని చూసి మాత్రం ఏమీ అనేవాడు కాదు, వాటిని లెక్కలోకే తీసుకునేవాడు కాదు. ఇంటి సంగతులు అడిగితే మాత్రం ఒకటే మాట: "ఏముంటది చెల్లె, మంచిగనే ఉన్నరు." అంతటితో ఆగిపోయేది.

ఇప్పుడు ఆ బొమ్మ వేసిన మేడం గురించి చెప్పాలి. ఆవిడది ఐర్లాండ్. దోహాలో ఒక స్కూల్లో బొమ్మలు నేర్పేది. ఐర్లాండ్ అంటే ఇంగ్లండేగా అని మొదటిరోజు నోరుజారాను. ఆవిడ ముఖం చూశాక మళ్ళీ అనలేదు. మా అత్తగారు ఖతర్‌ని దుబాయ్ అన్నప్పుడు నా ముఖమూ అలాగే ఉంటుంది.

ఆవిడ పని ఏమిటంటే, తమ దేశం వదిలి ఇక్కడికి బతకడానికి వచ్చిన ఐర్లాండ్ వాళ్ళని వెతికి పట్టుకుని, ఇంటి కబుర్లు చెప్పించుకునేది. నర్సులు, టీచర్లు, ఇంజనీర్లు. ఒక్కొక్కరి కబురుని ఒక్కో రాగి పలక మీద చెక్కేది. దానికి సిరా పట్టించి, మందపాటి కాగితం మీద అచ్చు తీసేది. ఒక నర్సు చెప్పిందట, వాళ్ళ వంటింటికి సగం తలుపు ఉండేదని. కోళ్ళు రాకుండా కింది సగం మూసి, వెలుతురు కోసం పై సగం తెరిచేవారట. ఒక ఇంజనీరు వాన గురించి తప్ప ఇంకేమీ చెప్పలేకపోయాడట, ఆ బొమ్మ నిండా వానే. ఏ బొమ్మయినా ముప్ఫై తీసి ఆపేసేది. ప్రతిదాని కింద అంకె వేసి కుడి పక్క తన సంతకం పెట్టి, మధ్యలో కబురు చెప్పినవాళ్ళ చేత సంతకం పెట్టించేది. అన్నీ పెన్సిల్‌తోనే. అది వాళ్ళ పద్ధతి. "ఇల్లు నాది కాదు కదా, సంతకం నా ఒక్కదానిదే ఎలా ఉంటుంది" అనేది.

ఆ వరసలో ఒక ముసలాయన బొమ్మ ఉంది. ఓడల మీద తిరిగి తిరిగి చివరికి మెసయీద్ రేవులో పనికి కుదిరినవాడు. చిన్నప్పుడు వాళ్ళ అమ్మ రాత్రిళ్ళు తలుపు గడియ పెట్టేది కాదట, సముద్రం మీదున్నవాళ్ళు ఏ వేళకి వస్తారో అని. బొమ్మలో సముద్రపు ఒడ్డున చిన్న ఇల్లు, ఓరగా తలుపు, చుట్టూ చీకటి. ఆయన వణికే చేత్తో, పెన్సిల్ విరిగేంత గట్టిగా నొక్కి సంతకాలు చేశాడట. చేసిన కొన్నాళ్ళకే పోయాడు. మేడం తన ప్రదర్శన కోసం బొమ్మలన్నీ ఫ్రేములు కట్టమని మా షాపుకి తెచ్చింది.

మధ్యాహ్నం షాపు మూసి, ఎండ తగ్గాక తెరుస్తాం. ఆ రోజు నేను తిరిగి వచ్చేసరికి అన్న అప్పటికే పని మొదలుపెట్టాడు. బల్ల మీద ముసలాయన బొమ్మలు మూడు పరిచి ఉన్నాయి. నన్ను చూసి సంతోషంగా, "పాపం మేడం, కొలతలు తుడుచుడు మరిచిపోయింది చెల్లె. నేనే సాఫ్ జేసిన" అన్నాడు.

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. మూడింటి కిందా తెల్లగా ఉంది. అంకెని కొలత అనుకున్నాడు. సంతకాలని సైటులో ఇంజనీర్లు ప్లైవుడ్ మీద గీకి పోయే గీతలనుకున్నాడు. పని పూర్తయింది కాబట్టి పెన్సిల్ ఉండకూడదు, అంతే ఆయనకి తెలిసింది. నేను తల పట్టుకుని స్టూలు మీద కూలబడ్డాను. మిగతావి ముట్టుకోకండి అని మాత్రం అనగలిగాను.

మేనేజరు కేకలు వేశాడు. వీసా రద్దు చేసి పంపించేస్తానన్నాడు. అన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సాయంత్రం మేడం వచ్చింది. సంగతి నేనే చెప్పాను, ఇంగ్లీషులో చెప్పడం వల్ల ఇంకా ఘోరంగా వినిపించింది. ఆవిడ ఒక బొమ్మ తీసుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళి, వెలుతురికి ఏటవాలుగా పట్టింది. ముసలాయన నొక్కి రాశాడు కాబట్టి, నలుపు పోయినా కాగితంలో గాడి మిగిలింది. పక్క నుంచి వెలుతురు పడితే పేరు లీలగా కనబడుతోంది.

అన్న కూడా వెనకాలే వెళ్ళి చూశాడు. "గీత ఉంది మేడం. దాని మీదనే పెన్సిల్ తోని దిద్దుత. ఎవ్వరికి ఎరుక గాదు" అన్నాడు. నేను ఆవిడకి చెప్పాను.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "అది ఆయన చెయ్యి. మీ చెయ్యి కాదు."

ఆ మాట ఆయనకి చెప్పాను. "అవు. ఒకరి పని మీద ఇంకొకరు చెయ్యెయ్యొద్దు. గది నాకు ఎరుకనే" అన్నాడు. గుండీకి వేలాడుతున్న రబ్బరు ముక్కని దారంతో సహా తెంపి ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అసలెందుకు తుడిచాడో అడగమంది. అడిగాను. "మాతాన పని అయిపోతె పెన్సిల్ తుడుస్తం. తుడిచినంకనే ఇంటాయనకు అప్పజెప్పుతం. గుర్తు మిగిలిందంటె పని మిగిలినట్టే లెక్క. మీతాన పని అయిపోతె పెన్సిల్ వెడ్తరు. ఉల్టా" అన్నాడు. అది విన్నాక ఆవిడ నా స్టూలు మీద కూర్చుని నవ్వింది, నవ్వి కళ్ళు తుడుచుకుంది. రబ్బరు ఆయనకి తిరిగి ఇచ్చేసింది. మేనేజరుతో, ఈయన్ని పంపిస్తే నా బొమ్మలన్నీ వెనక్కి తీసుకుపోతానంది. అన్నతో మాత్రం జరిమానా ఉందంది. ఆయన ఇంటి కబురు ఆవిడకి చెప్పాలి.

ఆ జరిమానా వసూలు కావడానికి ఎన్ని నెలలు పట్టిందో. ఆవిడ వచ్చినప్పుడల్లా అడిగేది, ఈయన "సబ్ ఠీక్ మేడం, మాఫీ ముష్కిల్" అని, ఏ ఇబ్బందీ లేదని చెప్పి పట్టీలు కొయ్యడం మొదలుపెట్టేవాడు. మధ్యలో నేను అటుదిటు, ఇటుదటు చెప్పలేక అలిసిపోయేదాన్ని. ఇంటి గురించి అడిగితే చెప్పడానికి అంత బాధేమిటో నాకూ అర్థమయ్యేది కాదు.

చివరికి ఆయన చెప్పలేదు, ఇల్లే చెప్పింది. ఒక మధ్యాహ్నం మేడం వేళ కాని వేళ వచ్చింది. అన్న వెనక గదిలో అన్నం తింటూ ఫోన్ స్పీకరులో పెట్టి భార్యతో మాట్లాడుతున్నాడు. ఆవిడ మాటల వెనకాల ఏదో దడదడమని కొట్టుకుంటోంది.

"గదేం చప్పుడు" అని అడిగాడు, తెలిసే అడిగాడు.

"నీ తలుపే. గాలి వస్తె సాలు, రేకు ఒర్రుతది. ఊర్లె వడ్లాయన్ను పిలుస్త అంటె వద్దంటవు. నువ్వు రావు, ఇంకొకర్ని రానియ్యవు" అని భార్య అంటోంది. వడ్లాయన అంటే వాళ్ళ వైపు వడ్రంగి.

ఫోన్ పెట్టేశాక మేడం ఆ చప్పుడేమిటని అడిగింది. తప్పించుకోవడానికి ఏమీ దొరక్క చెప్పాడు. ఊళ్ళో ఇల్లు కట్టాడు. దర్వాజ తన చేత్తోనే చేసి, పసుపు రాసి, నవధాన్యాలు మూట కట్టి, మంచి రోజు చూసి నిలబెట్టాడు. తలుపు చేసేలోగా సెలవు అయిపోయి ఖతర్ వచ్చేశాడు. అప్పటికి అడ్డంగా ఒక రేకు కొట్టి వచ్చాడు. ఆ తర్వాత సెలవు మీద వెళ్ళినప్పుడల్లా, వచ్చింది మంచి పనివాడు కదా అని, బావమరిది ఇంటికి కిటికీలు, అక్క కూతురి ఇంటికి తలుపులు, గుడికి వాహనం, అందరివీ చేశాడు. కాదనడం చేతకాదు. తన ఇంటికి మాత్రం రేకే.

"ఊర్లె ఎందరి ఇండ్లకు తలుపులు వెట్టిన మేడం. నా ఇంట్ల రేకు. వడ్లోని ఇంట్ల రేకు. గిది చెప్పుకునే ముచ్చటనా" అన్నాడు. తల ఎత్తలేదు. అప్పుడు గాని నాకు తెలియలేదు, ఆ "మంచిగనే ఉన్నరు" వెనకాల ఏముందో. నాకు ఆయన్ని చూస్తే జాలి వేసింది, ఆ భార్యని తలుచుకుంటే కోపం కూడా వచ్చింది, ఆయన మీదే.

కొన్ని వారాలకి మేడం ఒక కాగితం తెచ్చింది. అన్న ఫోన్‌లోని ఇంటి ఫోటో చూసి చెక్కిన బొమ్మకి మొదటి అచ్చు, సరిచూసుకోవడానికి తీసింది. మామిడాకుల దర్వాజ, దానికి అడ్డంగా రేకు. రేకు మీద మేకులు, తుప్పు, అన్నీ ఉన్నాయి. నిజంగా ఆ చప్పుడు వినబడుతున్నట్టే ఉంది. కింద మధ్యలో చెయ్యిపెట్టి చూపించి సంతకం చెయ్యమంది, పెన్సిల్ అందించింది.

ఆయన పెన్సిల్ తీసుకోలేదు. "రేకు ఎందుకు వెట్టింది చెల్లె? రేపో మాపో తీసేస్త గద. ముప్ఫై మంది ఇండ్లల్ల నా ఇంటి రేకు కొట్టుకోవాల్నా?" అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు: "పని కాలే. కాని పనికి పేరెట్ల వెడ్త?"

నేను అంతా ఆవిడకి చెప్పాను. నిజం చెప్పాలంటే కాస్త మెత్తగా మార్చి చెబుదామనుకున్నాను, ఓపిక లేక ఉన్నదున్నట్టే చెప్పేశాను. ఆవిడ ఆలోచించింది. రాగి మీద గీసింది గీకి, నున్నగా రుద్ది తీసెయ్యచ్చు, కాస్త నీడ మిగులుతుంది గాని పోతుంది అంది. "మీరు తలుపు పెట్టి రండి. నేను రేకు తీసేస్తాను. అప్పటిదాకా పలకని పాడుచెయ్యను, ఒక్క బొమ్మ కూడా అమ్మను. తలుపు వచ్చాక సంతకం పెడతారా?"

"వెడ్త" అన్నాడు. పేరు పెట్టడానికి ఆయన ఒప్పుకున్నది ఆ ఒక్కసారే.

అప్పటినుంచి మనిషికి తొందర పుట్టింది. మా షాపు వెనక వీధిలో ఒక పాత ఇల్లు పడగొడుతుంటే, దాని తలుపుల చెక్క అడిగి తెచ్చుకున్నాడు. పాత టేకు. ఎప్పుడో మన దేశం నుంచే పడవలో వచ్చి ఉంటుందనేవాడు. "వచ్చిన తొవ్వనే పంపిస్త" అనేవాడు. అందరూ ఇళ్ళకి పోయి నిద్రపోయే మధ్యాహ్నాలు, షట్టరు సగం దించి వెనక గదిలో ఆ తలుపు చేశాడు. మొత్తం తలుపు కార్గో పెట్టెలో పట్టదు కాబట్టి ముక్కలుగా, ఊళ్ళో బిగించుకునేలాగ. ఏ ముక్క ఏ ముక్కకి జతో తెలియడానికి రెండింటి మీదా పెన్సిల్‌తో ఒకే గుర్తు, పిట్టకాలులాగ. ఒక జతకి పిట్ట మూడు వేళ్ళు, ఒక జతకి తోక కూడా. కరక్ చాయ్ పట్టుకుని మేడం వచ్చి కూర్చునేది. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. అయినా నా అవసరం పడేది కాదు, అదొక సుఖం.

చెక్క నున్నగా చిత్రిక పట్టాడు గాని గుర్తులు మాత్రం అలాగే ఉంచాడు. ఇన్నాళ్ళ ఆయన సంగతి తెలిసినదాన్ని, "ఏమన్నా, ఇవి తుడవలేదే" అన్నాను, ఎగతాళిగానే.

"ఇప్పుడే తుడిస్తె ఎట్ల? బిగించినంక తుడుస్త. ఇంటికాడ" అన్నాడు.

కార్గోవాళ్ళు వచ్చి పెట్టె కట్టి తీసుకుపోయారు. ఓడ మీద పోతుంది, చేరడానికి రెండు మూడు నెలలన్నారు. దానికి సరిపోయేలాగ సెలవు పెట్టాడు. మేనేజరు ఒప్పుకున్నాడు. ఈసారి బావమరిది పిలిచినా పోను, నేరుగ ఇంటికే అన్నాడు. కొత్త రబ్బరు ముక్క కొనుక్కున్నాడు, నాకు చూపించాడు కూడా.

ఒక శుక్రవారం సనాయియాలో, పనివాళ్ళంతా ఉండే ఫ్యాక్టరీల పేటలో, తన రూములో స్నానం చేసి వచ్చి పడుకున్నాడట. రూమువాళ్ళు అన్నానికి లేపితే లేవలేదు. గుండె అన్నారు. అంతే. దీనికి ముందూ వెనకా చెప్పడానికి ఏమీ లేదు, ఉంటే బాగుండేది. మా ఆయనా రూములో వాళ్ళూ ఆసుపత్రికీ ఎంబసీకీ తిరిగి ఇంటికి పంపించే ఏర్పాట్లు చేశారు. విమానంలో ముందు ఆయన చేరాడు. ఓడలో తర్వాత తలుపు చేరింది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఊళ్ళో అందరి ఇళ్ళకీ తలుపులు చేసి పెట్టిన మనిషిని రేకు పక్కకి లాగి లోపలికి తీసుకెళ్ళారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ వస్తుంది.

తలుపు కూడా చేరిందని తెలిశాక మేడం షాపుకి వచ్చి ఆ స్టూలు మీదే కూర్చుంది. రాగి పలక ఆవిడ దగ్గరే ఉంది, రేకుతోనే. అలాగే అచ్చు వేసెయ్యడమా, పలక పాడుచేసి పారెయ్యడమా అని నన్ను అడిగింది. నన్ను అడిగితే నేనేం చెబుతాను. మాట మాత్రం ఇచ్చాను అంది, రెండుసార్లు అంది. నాకు ఆ నెలలో సెలవు ఉంది. హైదరాబాదులో దిగి గుంటూరు వెళ్ళాల్సినదాన్ని, నిర్మల్ బస్సెక్కాను.

ఊళ్ళో ఇల్లు వెతకాల్సిన పనిలేకపోయింది. దర్వాజ చూసి గుర్తుపట్టాను, బొమ్మలో చూసిందే. రేకు లేదు. టేకు తలుపు ఉంది. నిలబెట్టి, కీళ్ళు కొట్టి, ఓరగా తెరిచి ఉంది.

ఆయన భార్య గొంతు ఫోన్‌లో విన్న గొంతే. మనిషి మాత్రం నేను అనుకున్నదానికంటే చాలా చిన్నగా ఉంది. నేనెవరో చెప్పాను. "మా ఆయన 'చెల్లె, చెల్లె' అంటుండె, నువ్వేనా. దుబాయ్ నుంచి వస్తివా" అంది. అది దుబాయ్ కాదని నేను చెప్పలేదు. నీళ్ళు ఇచ్చి పక్కన కూర్చుంది. తలుపు ఎవరు బిగించారని అడిగాను.

"ఊర్లె వడ్లాయన. ఆయన బతికున్నన్ని రోజులు వేరేటోన్ని చెయ్యి పెట్టనియ్యలే. ఇగ ఏం జేస్త. గా వడ్లాయన పెట్టె ఇప్పి, గుర్తులు జూసి, 'నేను జేసేది ఏం లేదు వదినె, అంత ఆయననే జేసిండు, బిగించుడే నా వంతు' అన్నడు. పొద్దుగూకేలోపు అయిపోయింది."

మేడం ఆయనకి ఇచ్చిన మాట, బొమ్మ సంగతి చెప్పాను. రేకు తీసేసి తలుపు పెడతారని, దాని కోసం ఫోటో కావాలని, ముప్ఫై మాత్రమే తీస్తారని, కింద మధ్యలో ఆయన సంతకం పెట్టాల్సిన చోటు ఒకటి ఉందని. మీరు పెడతారా అని అడిగాను. ఆవిడ తలుపు వైపు చూసి, "ఆయన జాగ గద. నేనెట్ల వెడ్త? ఉత్తదే ఉండనియ్యి" అంది.

నేను తీసిన ఆ ఫోటో చూసే మేడం రాగి మీద రేకుని గీకి తీసేసింది. ఎంత రుద్దినా తలుపు వెనకాల దాని నీడ కొద్దిగా మిగిలింది, దగ్గరికెళ్ళి చూస్తే కనబడుతుంది. తలుపు చెక్కింది, తలుపు మీద పిట్టకాళ్ళు ఒక్కటి కూడా వదలకుండా చెక్కింది. అవి పెన్సిల్ గీతలు కావు, ఎవరు రుద్దినా పోవు. ముప్ఫై అచ్చులు తీసి, మధ్యలో ఖాళీ వదిలి, పలకని నా కళ్ళ ముందే పాడుచేసింది. ఒకటి ఆ ఇంటికి పంపించాను. ఒకటి ఈ పళ్ళ డాక్టరు గోడకి ఎలా చేరిందో నాకు తెలియదు.

ఆ రోజు ఫోటో తియ్యడానికి తలుపు దగ్గరికి వెళ్ళాను. ఏటవాలుగా వెలుతురు పడుతోంది. గుర్తులన్నీ ఉన్నాయి, ఆయన దోహాలో పెట్టినవి పెట్టినట్టు. చుట్టూ చెక్క మాత్రం రోజూ తడిగుడ్డ పెట్టి తుడుస్తున్నట్టు మెరుస్తోంది. గుర్తులు ఉన్నచోట మాత్రం సన్నగా దుమ్ము పట్టి ఉంది. ఫోటోలో బాగుండదేమోనని, దుమ్ము వరకే దులుపుదామని చీర కొంగు పట్టుకున్నాను.

ఆవిడ లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"దుమ్మే వదినా" అన్నాను.

"ఎరుకనే. గా వడ్లాయన కూడ రబ్బర్ తీసిండు, వద్దన్న." చెయ్యి వదలలేదు. "తుడుచుడు ఆయన పని వదినె. ఆయనకే ఉండనియ్యి."